ఇంటికీ మందుకూ మధ్య దూరం: హెచ్‌ఐవీ బాధితుల కోసం పనిచేసే చిన్న సంస్థ నిధులు ఎలా తెచ్చుకోవాలి

నిధుల కోసం మీరు ఎవరిని కలిసినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘హెచ్‌ఐవీ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది కదా, ఇంకా మీకు డబ్బెందుకు?’

ఆ ప్రశ్నకు నొచ్చుకోకండి. అది న్యాయమైన ప్రశ్న. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఉచితంగా ఇస్తున్నారు. 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ, రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల లెక్కతో నిమిత్తం లేకుండా, వెంటనే చికిత్స మొదలుపెట్టే విధానం వచ్చింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలో రూపాయి కట్టకుండా మందులు తీసుకోవచ్చు. అయితే ఏటూరునాగారం అవతలి గూడెంలో ఉన్న మనిషి అక్కడికి చేరాలంటే తెల్లవారుజామునే లేవాలి, ఆటో ఎక్కాలి, బస్సు పట్టుకుని దాదాపు వంద కిలోమీటర్లు రావాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. దారిలో తెలిసినవారు ‘ఎక్కడికి పోతున్నావు’ అని అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధంగా పెట్టుకోవాలి. దగ్గరలో మరో కేంద్రం ఉన్నా, అక్కడ ఎవరైనా గుర్తుపడతారన్న భయంతో దూరానికే వెళ్లేవారు నాకు ఎందరో తెలుసు.

మందు ఉచితమే. మందు దాకా నడిచే దారికి మాత్రం ఖర్చుంది. మీరు నిధి అడగవలసింది ఆ దారి కోసం. హనుమకొండలో పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉండి, ఎన్నో ప్రతిపాదనలు రాసి, అందులో చాలావాటికి కాదనిపించుకున్నాక నాకు స్పష్టమైన విషయం ఇది. కింద చెప్పే ప్రతి అడుగూ దీని చుట్టూనే తిరుగుతుంది.

రాయడానికి ముందు తిరగండి

ప్రతిపాదన రాయడానికి కూర్చునే ముందు ఒక నెల రోజులు బయట తిరగండి. మీ ప్రాంతంలో ఏ మనిషికి, ఏ మలుపు దగ్గర చికిత్స తెగిపోతోందో తెలుసుకోండి. ఉత్తర తెలంగాణ అంతటికీ ఒకే సమస్య ఉండదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిరప, పత్తి వచ్చే నెలల్లో లారీలు బారులు తీరతాయి. అక్కడ డ్రైవర్లకూ క్లీనర్లకూ పరీక్ష చేయించుకునే తీరిక రాత్రిపూటే దొరుకుతుంది. పరీక్షా కేంద్రం పగలు తెరుస్తారు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి కథ వేరు. అక్కడి దేశాలు వైద్య పరీక్షలో పాజిటివ్ వచ్చిన కార్మికుడిని వెనక్కి పంపేస్తాయి. అప్పు తీరకుండానే తిరిగి వచ్చిన ఆ మనిషి ఇంట్లో కారణం చెప్పలేడు, చికిత్సకూ వెళ్లలేడు. మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి బొగ్గు ప్రాంతాల్లో కాంట్రాక్టు కార్మికులకు సెలవు దొరకడమే కష్టం.

వీటిలో ఒక్కటే ఎంచుకోండి. అన్నీ మేమే చేస్తామని రాసిన చిన్న సంస్థను ఎవరూ నమ్మరు.

తిరిగేటప్పుడు రెండు పనులు చేయండి. ఒకటి, కనీసం ఇరవై మంది బాధితులతో వారి ఇష్టంతోనే, వారు కోరిన చోటే మాట్లాడండి. పేర్లు రాసుకోకండి. కిందటిసారి మందులకు ఎప్పుడు వెళ్లారు, ఎంత ఖర్చయింది, ఎప్పుడైనా మానేశారా, మానేస్తే ఎందుకు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. రెండు, ప్రభుత్వం ఇప్పటికే ఏం చేస్తోందో తెలుసుకోండి. జిల్లా ఎయిడ్స్ నియంత్రణ అధికారినీ, మీ జిల్లాలో హెచ్‌ఐవీ సేవలను సమన్వయం చేసే దిశ బృందాన్నీ కలవండి. పరీక్షా కేంద్రాలు, పెద్ద కేంద్రానికి అనుబంధంగా మందులిచ్చే లింక్ ఏఆర్‌టీ కేంద్రాలు ఎక్కడున్నాయి, సెక్స్ వర్కర్ల కోసం, ట్రాన్స్‌జెండర్ల కోసం, వలస కార్మికుల కోసం ఏ సంస్థలు పనిచేస్తున్నాయి అని అడగండి. వారు చేస్తున్న పనే మీరు కొత్తగా చేస్తామని రాస్తే మొదటి పరిశీలనలోనే పక్కన పెట్టేస్తారు. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది: ఒకే మనిషి ఇంటికి రెండు సంస్థల వాళ్లు వెళ్తే వీధి మొత్తానికి అనుమానం వస్తుంది.

పెద్ద లెక్కలు ఒక వాక్యానికి మించి అక్కర్లేదు. జాతీయ అంచనాల ప్రకారం 2023లో దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. పెద్దవారిలో ఇది 0.20 శాతం. తెలంగాణలో ఈ శాతం జాతీయ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. ఈ అంకెలు ప్రతిపాదనలు చదివే అధికారికి ముందే తెలుసు. ఆయనకు తెలియనిది మీ మండలంలో మీరు మాట్లాడిన ఇరవై మందిలో ఎనిమిది మంది వానాకాలంలో వాగు పొంగి మందులకు వెళ్లలేకపోయారన్న సంగతి. మీ ప్రతిపాదనకు బలం అలాంటి అంకెతోనే వస్తుంది.

కాగితాలు

ఈ భాగం విసుగు పుట్టిస్తుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కానీ నిధులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

సొసైటీగా నమోదు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవాలి. నమోదుతో పని అయిపోయిందనుకోకండి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఆ తర్వాత సంస్థ పేరు మీద పాన్ కార్డు, సంస్థ పేరు మీదే బ్యాంకు ఖాతా, ఇద్దరు కలిసి సంతకం చేసే ఏర్పాటు ఉండాలి. స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదై గుర్తింపు సంఖ్య తీసుకోండి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర అందరూ 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) అని పిలిచే నమోదులు చేయించుకోండి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కావాలంటే సీఎస్‌ఆర్-1 నమోదు కూడా తప్పనిసరి. ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది.

ఈ కాగితాలన్నింటిలో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. మా సంస్థ పేరులో పాన్ కార్డు మీద ఒక అక్షరం ఎక్కువ పడింది. దాన్ని మేం పట్టించుకోలేదు. మంజూరైన తొలి విడత డబ్బు ఆ ఒక్క అక్షరం వల్ల నాలుగు నెలలు ఆగింది. ఆ నాలుగు నెలలూ మా క్షేత్ర కార్యకర్తలు జీతం లేకుండా తిరిగారు. వారిలో ఇద్దరు తామే పాజిటివ్ వ్యక్తులు. నాకు ఇప్పటికీ గుర్తొచ్చి బాధపెట్టే సంగతి అది.

మూడేళ్ల ఆడిట్ నివేదికలు, మినిట్స్ పుస్తకం, బైలా, కార్యవర్గ తీర్మానాలు ఒక ఫైలులో సిద్ధంగా ఉంచండి. లావాదేవీలు లేని ఏడాది కూడా ఆడిట్ చేయించండి.

డబ్బు ఎక్కడుంది

మొదటి దారి ప్రభుత్వమే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడింది. 2021 నుంచి 2026 వరకు సాగేలా ప్రకటించిన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదో దశకు కేంద్రం 15,471.94 కోట్ల రూపాయలు కేటాయించింది. అందులో కొంత భాగం రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీల ద్వారా స్వచ్ఛంద సంస్థలకు చేరుతుంది. మనలో అందరూ టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) అని పిలిచే ప్రాజెక్టులు ఇవే. సెక్స్ వర్కర్లు, పురుషులతో లైంగిక సంబంధాలుండే పురుషులు, ట్రాన్స్‌జెండర్లు, సూదితో మత్తుమందు తీసుకునేవారు, వలస కార్మికులు, లారీ డ్రైవర్లు వంటి వర్గాల కోసం వీటిని నడుపుతారు. తెలంగాణ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సొసైటీ ప్రకటన ఇచ్చినప్పుడే దరఖాస్తు చేయాలి. కాగితాల పరిశీలన అయ్యాక ఒక సంయుక్త బృందం మీ కార్యాలయానికి వస్తుంది. పుస్తకాలు చూస్తుంది, క్షేత్రంలోకి వెళ్తుంది, మీరు పనిచేస్తామన్న వర్గం మనుషులతో మాట్లాడుతుంది. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఎరగకపోతే మీ కాగితాలు ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. కాబట్టి ప్రకటన వచ్చాక వారి దగ్గరికి వెళ్లడం కాదు, ప్రకటనకు ఏడాది ముందే వెళ్లి ఉండాలి.

టీఐ ప్రాజెక్టులో ఏ పనికి ఎంత, ఎంతమందికి ఎందరు సిబ్బంది అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. మీ సొంత ఆలోచనకు అందులో చోటు తక్కువ. విడతలు ఆలస్యం కావడం కూడా మామూలే. కనీసం మూడు నెలల జీతాలకు సరిపడా సొమ్ము విడిగా దాచుకోలేని సంస్థ ఈ దారిలో వెళ్తే కార్యకర్తలు నలిగిపోతారు. ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే నేను చెబుతున్నాను.

రెండో దారి కంపెనీలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఆ పనుల పట్టికలో ఆరోగ్య సంరక్షణ, వ్యాధి నివారణ ఉన్నాయి. కంపెనీ తన చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కాబట్టి సింగరేణి గనుల చుట్టూ ఉన్న గ్రామాల్లో పనిచేసేవారు సింగరేణినీ, రామగుండం ప్రాంతం వారు ఎన్‌టీపీసీనీ అడగడం సహజం. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. కంపెనీలకు కంటికి కనిపించే పనులు ఇష్టం. పాఠశాల గది కడితే గోడ మీద పేరు రాసుకోవచ్చు. మన పనిలో మనుషులను చూపించకూడదు. అందుకని వారితో మొదటి సమావేశంలోనే, ఫొటోలు ఉండవు, అంకెలు ఉంటాయి అని చెప్పేయండి. ఒప్పుకునేవారు ఒప్పుకుంటారు.

మూడోది విదేశీ నిధి. మీ సంస్థకు మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల రూపాయలు ఆశయాల మీద ఖర్చు చేసి ఉంటేనే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయగలరు. అంత అనుభవం లేని సంస్థ ఒక నిర్దిష్ట దాత నుంచి, నిర్దిష్ట పనికి ముందస్తు అనుమతి కోరవచ్చు. 2020 సవరణ తర్వాత నియమాలు బిగిశాయి. విదేశీ నిధి వచ్చే ఖాతా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోనే ఉండాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఈ చివరి నియమం వరంగల్ వంటి చోట్ల ఉన్న చిన్న సంస్థలను గట్టిగా దెబ్బతీసింది. అంతకుముందు హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పెద్ద సంస్థ ద్వారా మన దాకా వచ్చే డబ్బు ఆగిపోయింది. అయినా ఎవరైనా ‘మా ఖాతాలో వేయించుకుని మీకు నగదుగా ఇస్తాం’ అంటే ఒప్పుకోకండి. రిజిస్ట్రేషన్ రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పోరాటానికి 2002లో ఏర్పడిన అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్ గురించి చాలామంది అడుగుతుంటారు. దానికి మీరు నేరుగా దరఖాస్తు చేయలేరు. దేశం మొత్తానికి ఒక సమన్వయ సంఘం ఉంటుంది, దాని ద్వారా ప్రధాన గ్రహీతలుగా ఎంపికైన సంస్థలకు మూడేళ్ల విడతల్లో నిధులు వస్తాయి. మీరు చేయగలిగింది ఆ ప్రధాన గ్రహీతల్లో ఎవరు మీ జిల్లాలో పనిచేస్తున్నారో తెలుసుకుని వారితో పరిచయం పెంచుకోవడం.

దేశంలోని దాతృత్వ సంస్థలు, ఊరి వ్యాపారులు, ప్రవాసంలో ఉన్న మన వాళ్లు నాలుగో దారి. ఇది చిన్నదే, కానీ నిలకడగా ఉంటుంది. ఏడాదికి యాభై వేలు ఇచ్చే పది మంది, ఐదు లక్షలిచ్చి మరుసటి ఏడాది ముఖం చాటేసే ఒక్కరి కంటే నయం.

ఒక్క దాత మీదే ఆధారపడితే ఏం జరుగుతుందో హైదరాబాద్‌లో చూశాం. ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలోనే మొదటిసారిగా 2021లో నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్, 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపివేయడంతో మూతపడింది. పనిలో లోపం ఏమీ లేదు. ఎక్కడో తీసుకున్న ఒక నిర్ణయంతో ఇక్కడ తాళం పడింది.

రెండు పేజీల్లో చెప్పండి

మొదట పూర్తి ప్రతిపాదన రాయకండి. రెండు పేజీల చిన్న పత్రం రాయండి. అందులో ఈ వరస పాటించండి: మేం చూసిన ఇబ్బంది ఇది, ఇంతమందికి ఉంది. మేం చేయబోయే పని ఇది. ఏడాది తర్వాత ఫలానా మార్పు కనిపిస్తే పని జరిగినట్టు. దీనికి ఇంత ఖర్చు. ఇప్పటిదాకా మేం చేసింది ఇది.

‘అవగాహన సదస్సులు’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. డిసెంబర్ 1న ర్యాలీ తీయడం, కాలేజీలో ఉపన్యాసం ఇప్పించడం తప్పు కాదు. కానీ నిధి అంతా వాటికే అడిగితే, సదస్సుకు వచ్చిన రెండు వందల మందిలో ఎవరి జీవితంలో ఏం మారిందో మీరు చెప్పలేరు. దానికి బదులు, ‘మందులు మానేసిన నలభై మందిలో ముప్పై మందిని తిరిగి చికిత్సలోకి తెస్తాం, వారిలో ఏడాది చివరికి ఎంతమందికి రక్తంలో వైరస్ కనబడనంత తగ్గిందో చెబుతాం’ అని రాయండి. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే ఈ వైరల్ లోడ్ పరీక్ష ప్రభుత్వం ఉచితంగానే చేస్తుంది. వైరస్ ఆ స్థాయికి తగ్గి అలాగే ఉన్న మనిషి నుంచి లైంగిక సంబంధం ద్వారా మరొకరికి హెచ్‌ఐవీ సోకదు. ఈ ఒక్క వాస్తవం చాలామంది దాతలకు తెలియదు. మనిషిని చికిత్సలో నిలబెట్టడమే నివారణ కూడా అని వారికి ఇలా అర్థమయ్యేలా చెప్పవచ్చు.

పింఛన్ల పనిని కూడా లెక్కలోకి తీసుకోండి. ఏఆర్‌టీ తీసుకునేవారికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. అర్హత ఉండీ అందనివారు మీకు తప్పక తగులుతారు. ఒక కార్యకర్త ఓపికగా తిరిగి ఇరవై మందికి ఆ పింఛను ఇప్పిస్తే ఏడాదికి 4,83,840 రూపాయలు ఆ ఇళ్లకు చేరతాయి. మీరు అడిగే మొత్తం నిధి కంటే అది ఎక్కువ కావచ్చు.

బడ్జెట్ వేసేటప్పుడు

ఒక ఉదాహరణతో చెబుతాను. అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ములుగు జిల్లాలో అరవై మందిని ఏడాదిపాటు చికిత్సలో నిలబెట్టాలని మీ ఆలోచన. అందులో 35 మంది స్త్రీలు, 25 మంది పురుషులు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తారనుకుంటే ఏడాదికి నాలుగు ప్రయాణాలు. చాలామంది ఇక్కడ అరవై మందికీ బస్సు ఛార్జీ రాసేస్తారు. కానీ 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకూ ట్రాన్స్‌జెండర్లకూ ప్రయాణం ఉచితం. మీరు 35 మంది స్త్రీలకు ఛార్జీ చూపిస్తే, చదివే అధికారికి మిగతా లెక్కల మీద కూడా నమ్మకం పోతుంది. కాబట్టి బస్సు ఛార్జీ పురుషులకే: మనిషికి రానుపోను 300 చొప్పున నాలుగుసార్లు, 25 మందికి 30,000. గూడెం నుంచి రోడ్డు దాకా ఆటో మాత్రం అందరికీ కావాలి: 100 చొప్పున నాలుగుసార్లు, 60 మందికి 24,000. మధ్యాహ్న భోజనం 80 చొప్పున 19,200. ఒక క్షేత్ర కార్యకర్తకు నెలకు 12,000, ఏడాదికి 1,44,000. ఆ కార్యకర్త తిరగడానికి నెలకు 2,000, ఏడాదికి 24,000. లెక్కలకూ ఆడిట్‌కూ 30,000. మొత్తం 2,71,200. మనిషికి ఏడాదికి 4,520 రూపాయలు.

ఆ చివరి అంకెను మొదటి పేజీలోనే రాయండి.

కార్యకర్త జీతాన్ని తగ్గించి బడ్జెట్‌ను అందంగా చూపించాలన్న ఆశ కలుగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. పాజిటివ్ వ్యక్తులనూ, సెక్స్ వర్కర్లనూ ‘వారి సమాజం కోసమే కదా’ అని నామమాత్రపు గౌరవ వేతనానికి పనిచేయించుకోవడం ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న అన్యాయం. అర్ధరాత్రి ఫోను చేస్తే లేచి వెళ్లేది వారే. ఆడిట్ ఖర్చును కూడా దాచకండి. అది లేకుండా పని నడవదని దాతకు తెలియాలి.

గుట్టు

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలులో ఉంది. ఒక మనిషి హెచ్‌ఐవీ స్థితిని ఆ మనిషి తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని ఆ చట్టం చెబుతోంది. ఆ సమాచారాన్ని దగ్గర పెట్టుకున్న సంస్థ దాన్ని భద్రంగా కాపాడే ఏర్పాట్లు చేయాలని కూడా చెబుతోంది. చట్టం లేకపోయినా మన బాధ్యత మారదు.

చాలా ఏళ్ల కిందట ఒక దాతకు పంపే నివేదికలో నేను ఒక స్త్రీ కథ రాశాను. పేరు మార్చాను. అంతటితో గుట్టు కాపాడాననుకున్నాను. కానీ మండలం పేరు, భర్త లారీ నడిపేవాడని, ఇద్దరు ఆడపిల్లలని, కుట్టుమిషను మీద బతుకుతోందని రాశాను. ఆ నివేదికను అచ్చువేసి జిల్లా సమావేశంలో పంచారు. ఆమె ఊరి మనిషి ఒకరు ఆ పేజీ చదివారు. పది రోజుల్లో ఆమెకు కుట్టుపని ఇచ్చేవారు మానేశారు. ఆమె నన్ను తిట్టలేదు. ‘మీరు మంచికే రాశారు, సార్’ అంది. ఆ తర్వాత ఆమె ఊరు మారింది. ఆ నివేదికతో మాకు రెండో ఏడాది నిధి వచ్చింది.

అప్పటి నుంచి మేం పాటిస్తున్న పద్ధతి ఇది, మీరూ పాటించండి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్యకూ పేరుకూ లంకె చూపే పుస్తకం ఒక్కటే ఉండాలి, అది తాళం వేసిన బీరువాలో ఉండాలి, తాళం చెవి ఇద్దరి దగ్గరే ఉండాలి. పేర్ల జాబితాను వాట్సాప్‌లో ఎప్పుడూ పంపకండి. ప్రయాణ ఖర్చు తీసుకున్నట్టు సంతకం చేసే ఓచరు మీద హెచ్‌ఐవీ అన్న మాట గానీ ఏఆర్‌టీ అన్న మాట గానీ ఉండకూడదు, ‘ఆరోగ్య ప్రయాణ సాయం’ అని రాస్తే చాలు. దాత తరఫువారు ఇళ్లు చూస్తామంటే కుదరదని చెప్పండి. ఇష్టపడి ముందుకొచ్చిన ఒకరిద్దరిని మీ కార్యాలయంలోనే కలిపించండి. కథ రాయక తప్పకపోతే ఇద్దరు ముగ్గురి అనుభవాలను కలిపి రాసి, అలా కలిపామని అక్కడే చెప్పండి. రాసినదాన్ని ముందు ఆ మనుషులకే చదివి వినిపించండి. వారు ‘ఈ మాట తీసేయండి’ అంటే తీసేయండి.

ఈ షరతులను నిధి ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడే రాతలో పెట్టించండి. తర్వాత అడిగితే మొహమాటం అడ్డొస్తుంది.

నిధి వచ్చాక

ప్రతి నిధికీ విడి లెడ్జరు, విడి ఓచరు ఫైలు పెట్టుకోండి. ఒక పద్దు సొమ్మును ఇంకో పద్దుకు వాడవలసి వస్తే ముందు రాసి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. క్యాష్ బుక్ ఏ రోజుకారోజు రాయండి. ప్రభుత్వ నిధి అయితే వినియోగ ధ్రువపత్రం ఇవ్వనిదే తర్వాతి విడత రాదు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్నవారు ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబర్ 31లోగా, వార్షిక వివరాలు దాఖలు చేయాలి. విదేశీ నిధి రాని ఏడాది కూడా ఇది తప్పదు.

నివేదికలో చెడ్డ వార్తను కూడా రాయండి. మేడారం జాతర నెలలో మీ కార్యకర్తలంతా రోడ్ల మీదే చిక్కుకుని సందర్శనలు సగానికి తగ్గితే అలాగే రాయండి. తిరిగి చికిత్సలోకి తెస్తామన్న ముప్పై మందిలో పద్దెనిమిది మందే వచ్చారంటే, రాని పన్నెండు మంది ఎందుకు రాలేదో రాయండి. నాకు తెలిసినంతలో నిజాయతీగల దాత ఆ పేరానే ముందు చదువుతారు. మా మూడో ప్రాజెక్టు అలాంటి ఒక పేరా వల్లనే వచ్చింది. రానివారిలో ఎక్కువమంది మద్యం అలవాటున్న ఒంటరి పురుషులని మేం రాస్తే, వారి కోసమే ఒక కౌన్సెలర్‌ను పెట్టుకోవడానికి నిధి ఇచ్చారు.

కాదన్నప్పుడు

ఎక్కువసార్లు కాదనే అంటారు. వారంలోగా ఒక ఉత్తరం రాసి కారణం అడగండి. కారణం చెబితే తర్వాతి ప్రతిపాదనలో దాన్ని సరిచేయండి. చెప్పకపోతే ఆ కార్యాలయంలో ప్రకటనలు ఏ నెలలో వస్తాయో రాసుకుని, అప్పటికి సిద్ధంగా ఉండండి.

నిధి ముగిసేటప్పుడు

ఇది చివరిలో చెబుతున్నా, మీరు మొదటి రోజే ఆలోచించాలి. ప్రాజెక్టు ముగియడానికి మూడు నెలల ముందే మీతో ఉన్న అరవై మందికీ ఆ సంగతి చెప్పండి. ఎవరికి ఏ కౌన్సెలర్ దగ్గర పరిచయం కావాలో, ఎవరు దగ్గరి కేంద్రానికి మారడానికి సిద్ధమో అడిగి, వారి సమ్మతితో వెంట వెళ్లి పరిచయం చేయించండి. జాతీయ సహాయవాణి 1097 సంఖ్యను రాసి ఇవ్వండి, చదవడం రానివారి ఫోనులో మీరే ఎక్కించండి. ఆఖరి నెలలో ఒక్కొక్కరి తర్వాతి మందుల తేదీని కార్యకర్త తన డైరీలో రాసుకోవాలి. జీతం ఆగిపోయాక కూడా ఆ మొదటి తేదీ దాటేవరకు ఒక్క ఫోను చేయడానికి అవసరమైన సొమ్మును బడ్జెట్‌లో ముందే పెట్టి ఉంచండి.